గ్లాసు ఎవరి ముందుంటే కెమెరా వారిదే

ఒక్క కెమెరాతో, ఒక్క సౌండు పెట్టెతో ఐదు కంప్యూటర్లను ఏళ్ల తరబడి ఏకకాలంలో నడిపించిన మొనగాణ్ణి ఈ సిరొంచలో నేనొక్కణ్ణే. ఆ విద్యతోనే, కుర్చీలోంచి లేవకుండా, ఒక రైతమ్మ పొలానికి మూసుకుపోయిన బండ్ల బాటను తెరిపించాను. గడ్చిరోలి నుంచి పెద్ద సాహెబ్ స్వయంగా ఫోన్ చేసి, "ఈ తెలివి ఎక్కడ నేర్చుకున్నారండీ?" అని అడిగాడు.

పై మాటల్లో పాలెన్నో నీళ్లెన్నో నేనే విడదీసి చెబుతాను, తొందరపడకండి. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు మీరు. రిటైరైనవాడు మొదటే నిజం చెబితే మీరు పేజీ తిప్పేస్తారని నాకు తెలుసు.

ముందు ఆ ఐదు కంప్యూటర్ల సంగతి. అసలు అవి ఐదు కావు. ఉన్నది ఒకటే పెద్ద మెషీన్. గది మూలన ఇనుప బీరువాలాగా నిలబడి రోజంతా గుర్రుపెట్టేది. దాని కడుపులో ఐదు ఉత్తుత్తి మెషీన్లు నడిచేవి. వాటినే వర్చువల్ మెషీన్లు అంటారు. సీటు దగ్గర మనకు కనిపించేది ఒక తెర, ఒక కీబోర్డు, ఒక చిన్న మైకు. కంప్యూటర్ మాత్రం ఆ పెద్దదాని కడుపులో ఉంటుంది. అన్నదమ్ములు ఐదుగురు ఒకే ఇంట్లో వేరుపడి ఐదు పొయ్యిలు పెట్టుకున్నట్టన్నమాట. ఎవరి వంట వారిది. ఒకరి కూర మాడితే పక్కవాడికి వాసన కూడా రాదు. కానీ బావి మాత్రం ఒకటే. మా కెమెరా, మైకులన్నీ వచ్చి కలిసే మా సౌండు పెట్టె ఆ బావి లాంటివి. ఒకసారికి ఒక్క మెషీన్‌కే తగులుకునేవి. నేను ఒక సీటుకు తగిలిస్తే మిగతా నాలుగూ గుడ్డివి, చెవిటివి, మూగవి. సాంకేతిక విద్య ఇంతకంటే నాకు తెలియదు, మీకూ అక్కర్లేదు.

సిరొంచ నుంచి జిల్లా కేంద్రం గడ్చిరోలికి, ఆ మరాఠీ సాహెబ్‌ల దగ్గరికి, బస్సులో పోయి రావడమంటే ఒళ్లు హూనం. అందుకే తెర మీద మాట్లాడుకునే మా కేంద్రం పెట్టారు. పింఛను ముసలివాళ్లు ఇంకా బతికే ఉన్నామని ముఖం చూపించడానికి, రోగులు డాక్టరుతో మాట్లాడటానికి, భూమి తగాదాల వాళ్లు అధికారి ముందు హాజరు కావడానికి, మా సాహెబ్ తన పై సాహెబ్ చేత తిట్లు తినడానికి, అన్నింటికీ ఆ ఒక్క కెమెరానే.

మొదట్లో రోజూ కొట్లాటలే. "జర మాకియ్యి", "మాది అయిపోలే", "పొద్దటి సంది కూసున్న" అని నా మీద పడేవారు. ఒకరోజు మా సాహెబ్ మీటింగు మధ్యలో చాయ్ తాగి, ఖాళీ స్టీలు గ్లాసును తన తెర ముందు బోర్లించి, "ఈ గ్లాసు ఇక్కడున్నంతసేపు కెమెరా కదిలిందంటే చూడు" అన్నాడు. ఆయన కోపంలో అన్న మాట మాకు చట్టమైపోయింది. ఆ రోజు నుంచి గ్లాసు ఎవరి ముందు బోర్లించి ఉంటే కెమెరా వారిది, మైకు వారిది. మా చప్రాసి ఆ గ్లాసును భుజం మీది తుండుతో తుడిచి, రెండు చేతులా పట్టుకుని ఒక సీటు నుంచి ఇంకో సీటుకు మోసుకెళ్లేవాడు. గ్లాసు వచ్చిందంటే జనం జుట్టు సర్దుకునేవారు, గొంతు సవరించుకునేవారు. గ్లాసు పోయిందంటే చెప్పులు విప్పి, కాళ్లు పైకి పెట్టుకుని, ఇంతసేపూ దండాలు పెట్టిన అధికారినే నోటికొచ్చినట్టు తిట్టేవారు. నా సర్వీసు మొత్తంలో ఊరంతా మనస్ఫూర్తిగా పాటించిన సర్కారీ నియమం అదొక్కటే. అది ఏ సర్కారూ చేసింది కాదు.

గ్లాసు కదిలినప్పుడల్లా నేనూ కదలాలి. కెమెరా స్టాండు ఎత్తాలి, ఆ సీటు ముందు దించాలి, మళ్లీ నా సీటుకొచ్చి మెషీన్ మార్చాలి. "అందరికీ సమానంగా అందాలన్న ఆశయంతో కెమెరాను ఐదు మెషీన్లకూ పంచాను" అని నా వీడ్కోలు సభలో చెప్పుకున్నాను. చప్పట్లు కూడా కొట్టారు. అసలు ఆశయం నా మోకాళ్లది. కుడి మోకాలు ముందు మొరాయించింది, ఎడమది దాన్ని చూసి నేర్చుకుంది.

పంచడం కూడా నా బుర్రలో పుట్టిన ఆలోచన కాదు. నా పక్క సీటులో పనిచేసే ఆపరేటరమ్మాయిది. ఆమె నాగేపల్లి నుంచి వచ్చింది, మాట తక్కువ, వెటకారం ఎక్కువ. కెమెరాను, సౌండు పెట్టెను పెద్ద మెషీనే తన దగ్గర ఉంచుకుని, చూసిందీ విన్నదీ నకళ్లు తీసి ఐదింటికీ పంచే ఏర్పాటు ఒకటుందని ఆమే చూపించింది. నేను చేసింది ఐదు గడుల్లో టిక్కు పెట్టడం. నా ఇంజినీరింగు మొత్తం అదే. తర్వాత కెమెరాను ఐదు సీట్లూ కనిపించేటట్టు గోడకు ఎత్తుగా బిగించి, కుర్చీలో కూలబడి, కాళ్లు చాపుకున్నాను.

"సార్, ఇగ అందరి మైకులు తెరిసే ఉంటయి" అంది ఆ అమ్మాయి. "ఒకలు మాట్లాడింది అందరికి ఇనవడ్తది. జనాలకు చెప్పిన్రా?"

"నోటీసు అంటించిన గదమ్మా."

"అంటించిన్రు. దాని మీద మీ గొడుగు ఏలాడుతున్నది."

గొడుగు తీయడానికి లేవాలి కదా. రేపు చూద్దాంలే అనుకున్నాను.

ఆ ఏర్పాటు మొదలైన రోజే ఆ రైతమ్మ వచ్చింది. మొదటి బస్సుకే దిగి, సద్ది మూట ఒళ్లో పెట్టుకుని, గోడ పక్క బల్ల మీద కూర్చుంది. ఆమెది నది ఒడ్డు పొలం. ఒకవైపు నది, మూడు వైపులా ఒక పెద్దరైతు చేలు. తాతల నాటి నుంచి ఆమె పొలానికి బండ్లు పోయే బాట ఆయన చేను అంచు మీదుగా ఉంది. ఆయన ఆ బాటకు అడ్డంగా ముళ్లకంచె నాటి, అక్కడ బాటే లేదన్నాడు. ఇక్కడి ఆఫీసులో ఆమె గెలిచింది. ఆయన గడ్చిరోలిలో అప్పీలు వేశాడు. ఆమె రెండుసార్లు అంత దూరం పోతే రెండుసార్లూ సాహెబ్ దౌరా మీద ఊళ్లు తిరుగుతున్నాడు. ఈలోపు వరి పండింది. కోత మిషన్ పోవాలంటే ఆ బాటే దిక్కు. ఈసారి కూడా వాయిదా పడితే వడ్లు చేనులోనే రాలిపోతాయి. నిరుటి పంట సగం అట్లాగే పోయింది.

"ఈ పంట గూడ పోతె నేను పొలం అమ్ముకోవాలె అన్నా" అంది నాతో. "అమ్మితె కొనేటోడు ఎవ్వడు? మూడు దిక్కుల చేను ఉన్నోడే గదా. ఆయనకు కావల్సింది బాట గాదు."

పెద్దరైతు కూడా వచ్చి చివరి సీటులో కూర్చున్నాడు. తెల్లటి బట్టలు, పక్కన వకీలు. ఆ వకీలు తెలుగు రానివాడు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, పనికొస్తుంది. పెద్దరైతు ఆమెను చూసి నవ్వుతూ పలకరించాడు.

"బాగున్నవా వదినె? వరి మంచిగ వచ్చిందట?"

"వచ్చింది బావా. నువ్వే రానిస్తలేవు ఇంటికి."

వారి విచారణ మధ్యాహ్నానికి. పొద్దున మాత్రం వేరే తమాషా జరిగింది. కమలాపూర్ ఏనుగుల శిబిరం నుంచి ఒక మావటి వచ్చాడు. ఏనుగుకు కడుపు బిగిసిందని పశువుల డాక్టరుతో మాట్లాడాలి. పక్క సీటులో ఒక పింఛను తాత. ఆయనకూ అదే బాధ, ఆయన మాట్లాడేది మనుషుల డాక్టరుతో. ఇద్దరినీ ఒకేసారి కూర్చోబెట్టాను. పంచుకున్నాక ఇంకా వరుస ఎందుకు అని నా ధీమా.

డాక్టరు తాతను అడిగాడు: "రోజూ ఏం తింటున్నారు?"

అదే క్షణంలో పక్క సీటు మావటి తన డాక్టరుకు చెబుతున్నాడు: "రొట్టెలు, చెరకు, పొద్దంతా చెట్ల కొమ్మలు."

"కొమ్మలా?" అన్నాడు మనుషుల డాక్టరు.

తాతకు చెవుడు. ఏది అడిగినా అవునని "హౌ సాబ్" అనడమే ఆయన అలవాటు. "హౌ సాబ్" అన్నాడు.

"కొన్నాళ్లు కొమ్మలు మానేయండి" అని డాక్టరు గంభీరంగా చెప్పాడు. నదిలో పడుకోబెట్టి కొబ్బరి పీచుతో ఒళ్లు రుద్దమని కూడా డాక్టరు సలహా ఇచ్చాడని నేను చాలా చోట్ల చెప్పాను. అది నా కల్పన. కొమ్మల దాకా నిజం.

గది ఘొల్లుమంది. నేను తొణకలేదు. "గడ్చిరోలి దిక్కు నెట్‌వర్క్ ఖరాబున్నది" అని ప్రకటించాను. మా దగ్గర ఏ తప్పునైనా నెట్‌వర్క్ మీదికి తోస్తే అది మారు మాట్లాడకుండా మోస్తుంది. అందరూ నమ్మి, నెట్‌వర్క్‌ను కాసేపు తిట్టి, ఎవరి పనిలో వారు పడ్డారు. రైతమ్మ ఒక్కతే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూ నవ్వుతూ, ఉన్నట్టుండి నవ్వు ఆపి నా దగ్గరకు వచ్చింది.

"అన్నా, గీ సీటు మాట గా సీటుల ఎట్ల ఇనవడ్డది?"

"అదంత టెక్నికల్ చెల్లె. నీకు తెల్వది. పోయి కూసో."

"చప్రాసి గ్లాసు అయితె తాత ముంగట్నే పెట్టిండు గదా. మావటి ముంగట గ్లాసు లేకున్న..."

"నెట్‌వర్క్ అని చెప్పిన గదా!"

ఆమె వెళ్లి కూర్చుంది. చప్రాసి సంగతి చెప్పాలి. మైకులన్నీ తెరిచానని, గ్లాసుతో ఇక పని లేదని అతనికి పొద్దున్నే చెప్పాను. "సరే సార్" అన్నాడు. అని, గ్లాసును తుండుతో తుడిచి, రెండు చేతులా పట్టుకుని తాత ముందు బోర్లించాడు. అతని ఉద్యోగం అతనిది. జనమూ గ్లాసునే చూశారు గానీ గోడ మీది కెమెరాను ఎవరూ తలెత్తి చూడలేదు.

మధ్యాహ్నం విచారణ మొదలైంది. తెర మీద అప్పీలు వినే సాహెబ్. ఒక సీటులో రైతమ్మ, చివరి సీటులో పెద్దరైతు, ఆయన వకీలు. మొదట గ్లాసు పెద్దరైతు ముందుకు వెళ్లింది. వకీలు మరాఠీలో దంచాడు. ఆ చేనులో ఏనాడూ బాట లేదట, బండి పోయిన ఆనవాలు కూడా లేదట, ఈ అమ్మ మొన్నమొన్న ఒక కాలిదారి తొక్కి దాన్ని బాట అంటున్నదట. సాహెబ్ తలపంకించాడు. "అయితే మనిషిని పంపి స్థలం తనిఖీ చేయించి, వచ్చే నెలలో ఏదో ఒక తారీఖు..." అంటూ కాగితాలు తిప్పాడు.

వచ్చే నెల అంటే వడ్లు రాలిపోయాక. సీటులో ఆమె సద్ది మూట ముడి వేళ్లతో బిగించి పట్టుకోవడం నేను చూశాను.

"ఆ అమ్మ కూడా చెప్పేది ఉంటే చెప్పనివ్వండి" అన్నాడు సాహెబ్.

గ్లాసు ఇటు మార్చాలి. చప్రాసి చాయ్ చెప్పడానికి బయటికి పోయాడు. నా మోకాళ్ల సంగతి మీకు తెలుసు. ఆపరేటరమ్మాయి వైపు తిరిగి ఏదో అడిగి మళ్లీ ఇటు చూసేసరికి గ్లాసు రైతమ్మ ముందు బోర్లించి ఉంది. మనిషి లేకున్నా అతని డ్యూటీ నడుస్తున్నదే అని మా చప్రాసిని మనసులో మెచ్చుకున్నాను.

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. వచ్చీరాని మరాఠీ, మధ్యమధ్యలో తెలుగు. వరి ఎప్పుడు నాటింది, గింజ బరువుకు గొలుసు ఎట్లా వంగింది, కోత మిషన్ వాడు వచ్చి కంచె చూసి ఎట్లా తిరిగిపోయాడు. తొందర లేకుండా, సాగదీసి సాగదీసి చెప్పింది. ఇంత సేపైనా బాట సంగతి ఎత్తదేమిటని నాకే చిరాకేసింది.

అటు చివర పెద్దరైతుకూ విసుగు పుట్టింది. ముందు గ్లాసు లేదు కాబట్టి చెప్పులు విప్పాడు. ఒక కాలు పైకి పెట్టుకున్నాడు. వకీలు చెవి దగ్గరికి వంగాడు. తెలుగులో మాట్లాడి ఉంటే సాహెబ్‌కు అర్థమయ్యేది కాదు, బతికిపోయేవాడు. వకీలుకు తెలుగు రాదు కాబట్టి శుభ్రమైన మరాఠీలో అన్నాడు:

"బాట లేకపోవడమేంటి వకీల్ సాబ్, మా నాయన బండి కూడా దాని మీదనే పోయేది. మీరు ఎట్లనన్నా ఇంకో తారీఖు గుంజండి. వడ్లు రాలినంక ఆమెనే వచ్చి పొలం తీసుకో అంటది."

రైతమ్మ టక్కున మాట ఆపేసింది. తెర మీద సాహెబ్ కాగితాలు తిప్పడం ఆపాడు. నెమ్మదిగా తలెత్తాడు.

"ఎవరి నాయన బండి?" అన్నాడు.

పెద్దరైతు అటూ ఇటూ చూశాడు. ఆ ప్రశ్న తనను కాదనుకున్నాడు.

"చివరి సీటులో కాలు పైకి పెట్టుకున్నాయన. మిమ్మల్నే. ఆ బండి ఏ బాటన పోయేదో మళ్లీ ఒకసారి చెప్పండి."

పెద్దరైతు కాలు దించాడు, చెప్పులు వెతుక్కున్నాడు, చివరికి రైతమ్మ ముందున్న గ్లాసును చూపించాడు.

"సాహెబ్, గ్లాసు నా దగ్గర లేదు గదా!"

"ఏం గ్లాసు?"

ఇక వకీలు లేచాడు. మా కేంద్రానికి వచ్చీపోయే మనిషి కాబట్టి రివాజు అతనికీ తెలుసు. "మహోదయా, నా కక్షిదారు ముందు గ్లాసు లేని సమయంలో అన్న మాటను లెక్కలోకి తీసుకోవడం న్యాయం కాదు. గ్లాసు ఆ పక్షం వద్ద ఉంది. ఇది ఇక్కడ ఎన్నాళ్లుగానో నడుస్తున్న పద్ధతి."

సాహెబ్ ఒక క్షణం కళ్లు మూసుకున్నాడు. గడ్చిరోలిలో కూర్చుని ఎన్ని తగాదాలు విన్నాడో గానీ ఈ వాదన మాత్రం కొత్తదై ఉంటుంది.

"మంచిది. అయితే గ్లాసు ఆయన ముందు పెట్టండి."

సరిగ్గా అప్పుడే చప్రాసి లోపలికి వచ్చాడు. గ్లాసు రైతమ్మ ముందుండటం చూసి ఒకసారి తల గోక్కున్నాడు. తర్వాత ఎప్పటిలాగే తుడిచి, రెండు చేతులా మోసుకెళ్లి, పెద్దరైతు ముందు బోర్లించాడు. పెద్దరైతు అలవాటు కొద్దీ జుట్టు సర్దుకున్నాడు, గొంతు సవరించుకున్నాడు.

"ఇప్పుడు గ్లాసు మీ దగ్గరే ఉంది" అన్నాడు సాహెబ్. "బాట ఉందా, లేదా?"

గది మొత్తం ఆయన్నే చూస్తోంది. మావటి కూడా ఇంకా పోలేదు, చూస్తున్నాడు. గ్లాసు ముందు పెట్టుకుని ఆయన ఎవరి మొహం చూసి అబద్ధం చెబుతాడు?

"ఉన్నది సాహెబ్."

కోతలకు ముందే కంచె తీసేయాలని అక్కడికక్కడే హుకుం అయింది. ఊరి భూముల లెక్క చూసే తలాఠీ వెళ్లి దగ్గరుండి తీయించాడు. కోత మిషన్ పోయింది. వడ్లు ఇంటికొచ్చాయి.

ఇప్పుడు మొదట చెప్పిన మాటల్లోంచి నీళ్లు తీసేస్తాను. ఏళ్ల తరబడి నడిపించానన్నది, ఒక్క రోజు. ఆ సాయంత్రమే పెద్ద సాహెబ్ ఫోన్ చేసిన మాట నిజం. "ఈ తెలివి ఎక్కడ నేర్చుకున్నారండీ?" అన్న మాటా నిజమే. అన్న తీరు వేరు. ఆ తర్వాత చాలాసేపు మాట్లాడాడు, అవన్నీ అచ్చుకు పనికిరావు. ఏనుగు తిండి ముచ్చట రోగి డాక్టరుకు, ఒక పక్షం గుసగుస అధికారికి, అదే రోజు మా సాహెబ్ మా పై సాహెబ్ గురించి పక్కవాడితో అన్నది నేరుగా పై సాహెబ్‌కు వినిపించే యంత్రాన్ని ఎవరు పెట్టమన్నారని అడిగాడు. ఐదు టిక్కులూ తీసేశాను. కెమెరా గోడ దిగింది. మా సాహెబ్ ఆఫీసు తరఫున ఒక కొత్త గ్లాసు కొనిపించాడు, అంచు మీద ఆఫీసు పేరు చెక్కించి మరీ. నా మోకాళ్లు మళ్లీ డ్యూటీలో చేరాయి.

మీరు రేపు ఇంతకంటే గొప్ప యంత్రాలు నడుపుతారు. నడపండి. జనం గోడ మీది యంత్రాన్ని చూసి మాట్లాడటం లేదని, ఎదురుగా ఉన్న గ్లాసును చూసి మాట్లాడుతున్నారని నాకు అర్థమయ్యేసరికి రిటైర్మెంటు వచ్చేసింది. అది ముందే తెలిసి ఉంటే నోటీసు మీది గొడుగు తీసేవాణ్ణేమో. తీసి ఉంటే బాట తెరుచుకునేది కాదు. అందుకే ఇన్నాళ్లూ ఆ ఘనత నాదేనని చెప్పుకుంటూ వచ్చాను. ప్లాను నాది కాకపోయినా బద్ధకం నాదే కదా.

ఇది రాసి అచ్చుకు పంపే ముందు ఆ రైతమ్మకు చదివి వినిపించాను. బజారుకు వచ్చినప్పుడల్లా మా అరుగు మీద కాసేపు కూర్చుని పోతుంది. ఏనుగు దగ్గర నవ్వింది, వకీలు దగ్గర ఇంకా నవ్వింది. చివరిదాకా విని, సంచి భుజాన వేసుకుని లేచింది.

"మంచిగనే రాసినవ్ అన్నా. గని గ్లాసు చప్రాసి వెట్టలే."

"మరెవ్వరు పెట్టిన్రు?"

"ఏనుగు ముచ్చట ఇన్నప్పుడే నాకు సమజైంది, నీ డబ్బాల నోర్లన్ని తెరిసే ఉన్నయని. నిన్ను అడిగితె నెట్‌వర్క్ అంటివి. గ్లాసు ముంగట ఉన్నంతసేపు మా బావ నోరు తెరవడు. అందుకే నువ్వు అటు తిరగంగనే గ్లాసు గుంజుకచ్చి నా ముంగట బోర్లించిన. ఆయనకు ఇసుగొచ్చేదాక వరి ముచ్చట చెప్పుకుంట కూసున్న. బాట నేను తెరిపిచ్చుకున్న. నువ్వు ఆడ కాళ్లు సాపుకొని ఉన్నవ్, గంతే."